సీసాలో ఉన్నదే ఇందులోనూ ఉంది

ఫిబ్రవరి 11

నా వాక్యం ఖాయమైంది.

మా కొత్త వైన్ క్యాన్ వెనక: 'సీసాలో ఉన్నదే ఇందులోనూ ఉంది.' సీసా వెనక: 'క్యాన్‌లో ఉన్నదే ఇందులోనూ ఉంది.' అంతే. ద్రాక్షతోట మీద వాలే సంధ్యాకాంతి లేదు, నాలుక మీద నాట్యమాడే పరిమళం లేదు. కాన్వెంట్‌లో సిస్టర్ నా వ్యాసాల్లో విశేషణాలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, "ఇది తీసేస్తే వాక్యం చచ్చిపోతుందా?" అని అడిగేది. చచ్చిపోదు సిస్టర్.

మా కంపెనీ యజమాని మేడమ్ రెండుసార్లు చదివి తలాడించారు. సేల్స్ ఆయన బల్ల చరిచాడు. క్యాన్ల ఆలోచన ఆయనదే, అందుకే వైన్ నిలవుంచే సెల్లార్‌లో అందరూ డబ్బాల బాబు అంటారు. "ఇదండీ నాకు కావలసింది! క్యాన్ అంటే నాసిరకం అనేవాడి నోరు ఒక్క ముక్కతో మూయించింది. ఈ అమ్మాయి మాట్లాడదు గానీ..." అని ఆపేశాడు. నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను.

ఇంతకుముందు నా రాత అచ్చయింది స్కూలు పత్రికలో ఒక్కసారే. అదీ అచ్చుతప్పుతో.

ఫిబ్రవరి 12

ఇంట్లో చెప్పాను. పిన్ని కూరగాయలు తరుగుతూ, "ఒక్క వాక్యానికి నెలంతా కూర్చోబెట్టి జీతమిచ్చారా? మీ మేడమ్ చల్లగా ఉండాలి" అంది.

బాబాయ్ నవ్వలేదు. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"సీసాలో ఉన్నదే..." అన్నాడు నెమ్మదిగా, గుక్కెడు వైన్ నోట్లో తిప్పి చూసినట్టు. "బాగుంది పంతులమ్మా. నా వైన్ గురించి ఇంత పొదుపుగా ఎవరూ మాట్లాడలేదు."

మా కంపెనీలో వైన్ చేసేది బాబాయే. హాస్టల్ సెలవులిస్తే నేను వచ్చేది ఈ ఇంటికే. నాన్న అనే మాట ఎక్కడైనా చదివితే నాకు గుర్తొచ్చే మొహం ఈయనదే. చవక వైన్ చేస్తావని తోటివాళ్లు ఎగతాళి చేస్తే, "ఖరీదైన ద్రాక్షకి నేనెందుకు? దానంతటదే వైన్ అయి కూర్చుంటుంది" అంటాడు. నెలాఖరున కూడా మనిషి కొనుక్కోగలిగేదిగా ఉండాలి, తాగాక మొహం చిట్లించకూడదు. ఆయన పట్టుదల అంతా అదే.

నాకు తెలిసినవన్నీ నాకే ఎందుకు చెప్పుకుంటున్నాను? సంతోషంగా ఉంది, అందుకు.

ఫిబ్రవరి 17

సెల్లార్‌లో బాబాయ్, వైన్ చెడకుండా వేసే గంధకం పొడి గురించి ఏదో చెప్పాడు. సీసాకి ఒక లెక్క, క్యాన్‌కి ఒక లెక్కట. చివరికి తనే చూసుకుంటానన్నాడు. అక్కడ బాగా చలి. లైబ్రరీ పుస్తకం తిరిగివ్వాలి.

మార్చి 6

క్యాన్లు నింపే యంత్రం లారీ మీద వచ్చింది. దానితో వచ్చిన మెకానిక్ చెవుల్లో దూది పెట్టుకుని పని చేశాడు.

ఒకే ట్యాంకు. ఒక గొట్టం సీసాల వైపు, ఒక గొట్టం క్యాన్ల వైపు. రెండింటి మధ్యా నిలబడ్డాను. రాసిన వాక్యం ఇలా కళ్లముందు గొట్టాల్లో పారడం ఎంతమందికి జరుగుతుంది?

మెకానిక్ బాబాయ్‌ని ఏదో అడిగాడు. ఆ చప్పుడులో వినపడలేదు. బాబాయ్ ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. మీ ఇష్టం అన్నట్టు చూసి మెకానిక్ మీట నొక్కాడు.

తొలి క్యాన్ బాబాయ్ నాకిచ్చాడు. రుచి చూసి ఉమ్మడమే తప్ప నేను తాగను కదా. పుస్తకాల పక్కన పెట్టుకున్నాను, వాక్యం బయటికి కనబడేలా.

ఏప్రిల్ 19

బస్టాపులో ఒకావిడ సంచిలోంచి మా క్యాన్ తీసింది. నర్సు అనుకుంటాను, డ్యూటీ దిగి వస్తున్నట్టుంది. తెరవలేదు. వెనక్కి తిప్పి చదివింది. పెదవులు కదిలాయి. తర్వాత జాగ్రత్తగా సంచిలో నిలబెట్టుకుంది.

నేను ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

మే 23

వానలు ముందే వచ్చాయి, వచ్చి కదలడం లేదు. పార్కులు, పడవ షికార్లు, ఆరుబయట పాటకచేరీలు, క్యాన్ పట్టుకుని జనం కూర్చునే చోట్లన్నీ తడిసిపోయాయి. సీసాలు మాత్రం ఇళ్లల్లోకి వెళుతూనే ఉన్నాయి. క్యాన్ల పెట్టెలు గోడౌన్ పైకప్పు దాకా పేరుకున్నాయి. డబ్బాల బాబు ఆకాశాన్ని పట్టుకుని తిడుతున్నాడు.

బాబాయ్ గోడౌన్ గుమ్మంలో నిలబడి ఆ పెట్టెలకేసి చూస్తున్నాడు. "ఎండల్లోనే తాగేస్తారనుకున్నాను" అన్నాడు. నాతో కాదు.

జూన్ 20

భోజనాలకు ముందు టేస్టింగ్ గదిలో ఒక సీసా, ఒక క్యాన్ తెరుస్తాం. మేడమ్, బాబాయ్, డబ్బాల బాబు, నేను. నన్ను అక్కడ కూర్చోబెట్టేది వాసన పట్టడానికి. "నోరు లేదు గానీ ముక్కుంది" అంటాడు డబ్బాల బాబు.

ఈ రోజు క్యాన్ గ్లాసు దగ్గర ఏదో వాసన. చాలా కొద్దిగా. అగ్గిపుల్ల ఆర్పినట్టు, దాని వెనక ఇంకేదో. గదిలో సింకు ఉంది, దాని కాలువ అయి ఉంటుంది.

"ఏమంటావ్?" అన్నారు మేడమ్.

"బాగుంది" అన్నాను.

నేను అన్నాక బాబాయ్ కూడా బాగుందన్నాడు.

జూన్ 27

సింకు కాలువ బాగు చేయించమని ఆఫీసులో చెప్పాలి. వాసన వస్తోంది.

జూలై 2

మళ్లీ కాలువ. ప్లంబర్‌ని పిలిపించమన్నాను.

జూలై 4

ప్లంబర్ సింకు కింద దూరి, గొట్టం విప్పి, టార్చి వేసి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మాయిగారూ, ఈ గొట్టంలో నీళ్లు పట్టుకుని తాగొచ్చు. వాసన దీనిది కాదు."

"మరి ఎక్కడిది?"

"నన్ను గొట్టం చూడమన్నారు, చూశాను. మిగతావి నేను చూడలేదు."

అతను వెళ్లాక అక్కడే కూర్చున్నాను. బల్ల మీద పొద్దున తెరిచిన క్యాన్ ఉంది. వాక్యం నా వైపే తిరిగి ఉంది.

జూలై 5

జలుబు చేసింది.

జూలై 8

జలుబు. టేస్టింగ్‌కి రాలేనన్నాను. "నువ్వు లేకపోతే ఎలా?" అన్నాడు బాబాయ్. పిన్ని ఆవిరి పట్టించింది. దుప్పటి కింద వేడినీళ్ల ముందు కూర్చుంటే, నీళ్లలో వేసిన ఆకుల వాసన స్పష్టంగా తెలిసింది.

జూలై 15

దుకాణాల నుంచి క్యాన్లు వెనక్కొచ్చాయి. ఒక దుకాణదారు అట్టపెట్టె మీద లావు పెన్నుతో 'కుళ్లిన గుడ్లు, జాగ్రత్త' అని రాసి పంపాడు. లారీ డ్రైవరు నవ్వుకుంటూ దించాడు.

మీటింగు పెట్టారు. డబ్బాల బాబు క్యాన్ తెరిచి బాబాయ్ ముందుకు తోశాడు. "ఏమండీ పెద్దాయనా, అదే ట్యాంకు, అదే వైన్. సీసాలోది అమృతంలా ఉంది. ఇది మురుగు. ఎలా అవుతుందండీ? నేను ఊరూరా తిరిగి, రెండూ ఒకటేనని ఒట్లు పెట్టి అమ్మానే!"

"పొడి ఎక్కువ పడింది" అన్నాడు బాబాయ్. "క్యాన్‌కి తక్కువ వెయ్యాలి. కొలత తప్పాను."

మేడమ్ నమ్మనట్టు చూశారు. "మీరా? కొలత తప్పారా?"

"వయసు మేడమ్. ఆ రోజు కళ్లజోడు పెట్టుకోలేదు."

బాబాయ్ కళ్లజోడుకి తాడుంటుంది. అది మెడలోంచి ఎప్పుడూ దిగదు. ఆ మాట అంటున్నప్పుడు కూడా గుండెల మీద వేలాడుతూ అందరికీ కనబడుతూనే ఉంది.

మీటింగుల్లో మాట్లాడింది రాయడం నా పని. 'కొలత తప్పింది' అని రాశాను. దస్తూరి బాగా వచ్చింది.

జూలై 16

ఫిబ్రవరి 17న ఏం రాశానో వెనక్కి తిప్పి చూశాను. 'ఏదో చెప్పాడు' అని ఉంది. ఏదో కాదు. ప్రతి మాటా విన్నాను. ఇప్పుడు రాస్తాను.

బాబాయ్ ట్యాంకు నిచ్చెన మీద కూర్చుని ఉన్నాడు. "పంతులమ్మా, చిన్న చిక్కొచ్చింది. లోపల పూత పూసినా డబ్బా డబ్బాయే, అల్యూమినియం. సీసాకి వేసినంత గంధకం పొడి దీనికీ వేస్తే, నిలవున్నకొద్దీ కుళ్లిన గుడ్ల కంపు పుడుతుందట. కాబట్టి పొడి తగ్గించాలి. తగ్గిస్తే వైన్‌కి కాపలా చాలదు, అందుకని మరీ సన్నగా వడకట్టాలి. అలా వడకడితే దాని ఒంట్లో బరువు కొంత పోతుంది."

"అంటే?"

"అంటే డబ్బాలోది కాస్త పల్చన. మంచిదే, శుభ్రంగానే ఉంటుంది. కానీ సీసాలో ఉన్నది కాదు. నీ వాక్యం మార్చుకోవాలి."

"ఎలా మార్చను?"

"ఇంచుమించు అని ఒక మాట పెట్టు. ఏమవుతుంది?"

సీసాలో ఉన్నదే ఇంచుమించు ఇందులోనూ ఉంది. మనసులో అనుకుని చూశాను. ఏడుపొచ్చింది. ఇరవై నాలుగేళ్లు వచ్చినదాన్ని, ఒక్క మాట కోసం కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

"రెండూ ఒకేలా చెయ్యడం కుదరదా బాబాయ్? ఈ ఒక్కసారికి?"

నేను ఆయన్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు. హాస్టల్లో దిగబెట్టి వెళ్లిపోతున్నప్పుడు కూడా ఉండమని అడగలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలుసనే అడిగాననుకుంటాను.

"ఎండాకాలం సరుకు నిలవుండదులే. కంపు పుట్టేలోపు తాగేస్తారు. నేను చూసుకుంటా" అన్నాడు.

జరిగింది అది.

పుస్తకాల పక్కన పెట్టుకున్న తొలి క్యాన్ ఇవాళ తెరిచాను. కిటికీలు తియ్యాల్సి వచ్చింది.

జూలై 19

మేడమ్‌కి చెబుతానన్నాను. బాబాయ్ పెరట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఏమని చెబుతావ్? పొడి కలిపిన చెయ్యి ఎవరిది?"

"అడిగింది నేను."

"అడిగినవాళ్లందరి మాటా వింటే నేను వైన్ చేసినట్టే ఇన్నాళ్లు. విన్నాను, అది నా పని. నువ్వు మధ్యలో దూరకు."

వేరే సంగతి అడిగినట్టు అడిగాడు. "జూన్‌లో నీకు తెలియలేదా తల్లీ? నా ముక్కు ఏడాదిగా మొద్దుబారింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ గ్లాసు ఎత్తాక నీ మొహమే చూసేవాణ్ని. తేడా వస్తే నీకు తెలుస్తుంది, తెలిసిన రోజే సరుకు ఆపించేద్దాం అనుకున్నాను. నువ్వు బాగుందన్నావు. అదే నమ్ముకుని కూర్చున్నాను."

"నాకు జలుబు" అన్నాను.

"జూన్‌లో కూడానా?"

"అవును."

"జలుబే అయి ఉంటుంది" అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లాడు.

జూలై 31

బాబాయ్‌కి ఈ రోజు ఆఖరి రోజు. కొలత తప్పానని సంతకం పెట్టి ఇచ్చాడు. ఉపన్యాసాలు వద్దన్నాడు. తన చోట్లోకి వచ్చిన కొత్తాయనకు మూలనున్న ట్యాంకు కొళాయి ఎటు తిప్పి బిగించాలో చూపించాడు. ఆయన బుద్ధిగా ఒకసారి తిప్పి చూశాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం.

ఆగస్టు 9

బాబాయ్ ఇంట్లో అన్నీ కొలుస్తున్నాడు. బియ్యానికి గిన్నె, పాలకి గీతలున్న గ్లాసు. టీపొడి చెంచా మీద పోగు పడితే వేలితో చదును చేస్తున్నాడు.

"పెళ్లయిన దగ్గర్నుంచి గుప్పెడుతో వేస్తున్నాను. ఏ రోజన్నా వంక పెట్టారా? ఇప్పుడేమిటండీ ఈ గీతలు?" అంది పిన్ని.

"ఓసారి తప్పినవాణ్ని. జాగ్రత్తగా ఉండాలి కదా" అన్నాడాయన.

తర్వాత వంటింట్లో పిన్ని గొంతు తగ్గించి అంది. "ఇన్నేళ్లలో తప్పని కొలత ఆ ఒక్క రోజే తప్పాలా? కళ్లు చూపించుకోండంటే వినరు. నువ్వన్నా చెప్పవే."

పిన్నికి కూడా చెప్పలేదన్నమాట.

ఆగస్టు 14

మేడమ్ గది దాకా వెళ్లాను. తలుపు వేసి ఉంది.

ఆగస్టు 18

తలుపు తీసే ఉంది. ఫోన్లో మాట్లాడుతున్నారు. వచ్చేశాను.

ఆగస్టు 21

చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మాట రాదని.

మేడమ్ పెన్ను మూత పెట్టారు. "ఒక్క వాక్యం కోసమా?"

"అవును మేడమ్."

"జూన్‌లో నీకు వాసన తెలిసిందా?"

"తెలిసింది."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఇంత చిన్న మాట అనుకోలేదు.

"ఫిబ్రవరిది నీ చిన్నతనం అనుకుంటాను. జూన్‌ది నీ పని. నిన్ను కూర్చోబెట్టిందే దానికి. ఆ రోజు నోరు విప్పి ఉంటే ఆ తర్వాత ఒక్క క్యాన్ కూడా దుకాణానికి వెళ్లేది కాదు, మీ బాబాయ్ ఇక్కడే ఉండేవారు."

ఆయన్ని మళ్లీ పిలుస్తారా అని అడిగాను.

"ఏమని పిలవను? పొరబాటున కొలత తప్పినవాణ్ని వయసైపోయిందని జాలిపడి పంపించాను. తెలిసి వేశాడని ఇప్పుడు నువ్వంటున్నావు. తెలిసి వేసినవాణ్ని ట్యాంకు దగ్గరికి ఎలా రానిస్తాను? నువ్వే చెప్పు."

మూత పెట్టిన పెన్ను చూస్తూ నిలబడ్డాను.

"ఆయనకి ఈ సంగతి ముందే తెలుసు. అందుకే ఆ అబద్ధం ఎంచుకున్నారు" అన్నారు మేడమ్. ఈసారి గొంతులో కోపం లేదు. "ఇకమీద వాసనొస్తే చెబుతావా?"

"చెబుతాను."

"అయితే వెళ్లు. కొత్త క్యాన్‌కి వాక్యం కావాలి."

సెప్టెంబరు 2

రాలేదు.

సెప్టెంబరు 3

రాలేదు.

సెప్టెంబరు 10

కొత్తాయన క్యాన్‌కి వేరే ట్యాంకు పెట్టాడు. పొడి తగ్గించి, సన్నగా వడకట్టాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వాసన చూశాను, రుచి చూశాను, బాబాయ్ నిచ్చెన మీద కూర్చుని చెప్పినట్టే ఉన్నాయి.

రాసిచ్చాను: 'సీసాలోది కొంచెం బరువు. ఇందులోది కొంచెం తేలిక. రెండూ మావే.'

"ఏమిటండీ ఇది, సంజాయిషీలా ఉంది" అన్నాడు డబ్బాల బాబు. మేడమ్ ఉంచమన్నారు.

కొంచెం అన్న మాట రెండుసార్లు వచ్చింది. తీసేస్తే ఈసారి చచ్చిపోతుంది సిస్టర్.

అక్టోబరు 3

కొత్త క్యాన్ ఇంటికి తెచ్చాను. బాబాయ్ వంటింటి బల్ల దగ్గర ఉన్నాడు. పిన్ని చెంచాతో టీపొడి చదును చేస్తోంది, విసుక్కుంటూనే, అలవాటైపోయి.

బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని వెనక రాసింది చదివాడు. తెరిచి, గ్లాసులో పోసి, నా ముందుకు జరిపాడు.

"ముందు నువ్వు."

వాసన చూశాను. "శుభ్రంగా ఉంది."

"జలుబు లేదు కదా?"

తలెత్తి చూశాను. ఆయన నవ్వడం లేదు, కోపంగానూ లేడు. జూలైలో కుర్చీలో కూర్చుని అడిగినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

"లేదు బాబాయ్. అప్పుడూ లేదు."

"ఊఁ" అన్నాడు.

పిన్ని చెంచా పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎప్పుడు లేదు? ఏమిటే ఇది?"

"పిన్నీ, బాబాయ్ కొలత తప్పలేదు. తెలిసే వేశాడు. నా వాక్యం మార్చడం ఇష్టంలేక నేను వెయ్యమన్నాను. తర్వాత వాసన తెలిసి కూడా చెప్పలేదు."

బాబాయ్ చెయ్యెత్తాడు, ఆపమన్నట్టు. అప్పటికే అయిపోయింది.

పిన్ని నా వైపు చూడలేదు. చెంచా డబ్బాలో పడేసి ఆయన మీదికి తిరిగింది. "కొలత తప్పలేదా? మరి రెండు నెలలుగా నా చేత గీతలు చూపించి టీ పెట్టిస్తున్నారే! కళ్లు పోయాయేమోనని నేను లోపల్లోపల చస్తున్నానే!"

"కళ్లు బాగానే ఉన్నాయి" అన్నాడు బాబాయ్. "ముక్కే..."

"మీ ముక్కు సంగతి నాకెప్పుడో తెలుసు. పాలు విరిగినా ఊరుకుంటున్నారు. నోరు మూసుకోండి."

పిన్ని కళ్లు తుడుచుకుంది. నాతో ఇంకా మాట్లాడలేదు. ఎప్పుడు మాట్లాడుతుందో తెలియదు.

బాబాయ్ ఒక గుక్క తాగాడు. "పల్చగా ఉంది. మంచివాడే, బాగా చేశాడు." క్యాన్ తిప్పి మళ్లీ చదివాడు, ఈసారి కళ్లజోడు తీసేసి, దూరంగా పట్టుకుని.

"పాతదే బాగుండేది పంతులమ్మా" అన్నాడు.

పిన్ని ముందు గీతలున్న గ్లాసు ఉంది. క్యాన్‌లో మిగిలింది అందులో పోశాడు, గీత చూడకుండా.